కోత పండుగలో పాడుకున్న బండి

సరుగుడుపాలెం, బోగోలు మండలం
ఏప్రిల్ 9

తమ్ముడు పరంజ్యోతికి అక్క చెప్పి రాయించేది.

నా పేరు ఎలిశబెతు. వయసు డెబ్బై ఆరు. ఆధార్ కార్డులో అరవై తొమ్మిది అని ఉంది, అది ఆ కార్డు చేసినోడికి తోచిన వయసు, నాది కాదు. ఇంట్లో ఉండేది నేను, కోడలు పుష్పకుమారి, మనవరాలు ఫేబీ, ఒక బర్రె. రెండు బర్రెలు ఉండేవి, ఆ సంగతి కింద వస్తుంది. కొడుకు సుశీల్ కుమార్ ఓడరేవులో క్రేను తోలతాడు, శనివారం వచ్చి సోమవారం పోతాడు. అందుకని వాణ్ణి సగం మనిషి కిందే లెక్క వేసుకో. ఇది నా కేసు. రాస్తా ఉండేది పక్కింటి నవోమి. చెప్పింది చెప్పినట్టు రాయడానికి శక్తినియ్యమని ప్రార్థన చేసి మొదలుపెట్టింది.

ఫోన్ ఎందుకు చెయ్యలేదంటే, నేను అసలు సంగతికి వచ్చేసరికి నువ్వు "అక్కా, సిగ్నల్ లేదు" అంటావు. పోయినసారి సిగ్నల్ లేదన్నాక కూడా నువ్వు ఫ్లోరాను కాఫీ అడగడం నాకు వినబడింది. కాగితానికి సిగ్నల్ అక్కర్లేదు. కడదాకా చదువు.

జరిగింది నీకు తెలుసు. తెలిసినా మొదటి నుంచీ చెబుతాను, కేసంటే అట్లాగే చెప్పాలి. మన ఫేబీ నర్సుగా తిరిగే పల్లెలన్నీ రొయ్యల గుంటల మధ్య ఉండాయి. వానలప్పుడు స్కూటీ మీద పోతా గుంటకట్ట మీద జారి, మణికట్టు విరగ్గొట్టుకుంది. నువ్వు చూడ్డానికొచ్చి, "ఇంక చాలు. నెల్లూరులో నాకు తెలిసిన ఆస్పత్రిలో పెట్టిస్తాను, మా ఇంట్లోనే ఉంటుంది" అని చెప్పి పోయినావు. సుశీల్ కుమారు "మామ మాటే నా మాట" అనినాడు. వాడికి అంతకంటే మాట రాదు. కాబట్టి బిడ్డ ఇక్కడ ఉండేదీ పొయ్యేదీ ఇప్పుడు నీ చేతిలో ఉంది. నా కేసు అదే. బిడ్డను పంపను.

అంతలో కోత పండుగ వచ్చింది. అందరూ గుడికి గుమ్మడికాయలు, కోళ్ళు, వడ్ల మూటలు తెచ్చి పెడితే, రొయ్యల మేత అమ్మే ముఖేషు ఈ ఏడాది గుంటలకు తెల్లమచ్చ రోగం తగల్లేదని తన చిన్న కరెంటు బండిని దేవుడికిచ్చినాడు. (తనకు పెద్దది కొనుక్కున్నాడులే.) వేలం మొదలయింది. గుమ్మడికాయ కోసం కొట్టుకున్న జనం బండి అనేసరికి తలకాయలు వంచుకుని పాటల పుస్తకాల్లో పడినారు. ముఖ్య అతిథివి గదా, దేవుడి సొత్తుకు అవమానం జరగకూడదని నువ్వు మొదటి పాట పాడినావు. పైన ఎవరో ఒకరు పాడతారు, నేను బయటపడతానని నీ లెక్క. నేనేమో, వీడికి బండి మీద కూడా కన్ను పడింది, పిల్లతో పాటు దీన్నీ నెల్లూరు ఎత్తుకుపోతాడని పైన పాడినాను. అక్క ముందు తగ్గితే ఎట్లా అని నువ్వు. తమ్ముడి ముందు తగ్గుతానా అని నేను. ఇద్దరికీ అక్కర్లేని బండికి ఇద్దరం పోటీపడి పాడుకుని, పాస్టరు అయ్యగారు బల్ల గుద్దేసరికి అది నాదయింది. ఒక బర్రె పోయింది.

ఇంటికి తెచ్చినాక తెలిసింది అది ఎంత గొప్ప వస్తువో. ఊరంతా దాన్ని అగ్గిపెట్టె అంటారు. అననీ. గుంటకట్ట మొదట్లో రంగనాయకులు రెండు రాతికంబాలు పాతినాడు, ట్రాక్టర్లు వచ్చి కట్ట తొక్కేస్తా ఉండాయని. ఆ కంబాల మధ్య స్కూటీ పడుతుంది, మన బండి పడుతుంది, ఇంకేదీ పట్టదు. ఇడ్లీపిండి గ్రైండరు ప్లగ్గుకే తగిలిస్తే నిండుతుంది. ఆ పూట పిండి రుబ్బుకోవడం ఆగుతుంది, అంతే. పొగ లేదు, మోత లేదు. కట్ట మీద పోతా ఉంటే నీళ్ళ అంచున నిలబడిన కొంగ మెడ తిప్పి చూసి, మళ్ళీ దాని చేపల పని అది చూసుకుంటుంది. కడుపుతో ఉండే ఆడబిడ్డలను ఎక్కించుకుంటే డీజిలు కంపుకు కక్కుకునే బాధ లేదు. వానలో తడవదు. రెండు చక్రాల మీద జారేది నాలుగు చక్రాల మీద నిలబడుతుంది. ఇవన్నీ ఫేబీ చెప్పింది.

బిడ్డ చేతికి బండి ఉంది గాబట్టి నెల్లూరు మాట వెనక్కి తీసుకో.

ఎలిశబెతు వేలిముద్ర
సాక్షులు: నవోమి (రాసిన మనిషి), పుష్పకుమారి (అత్త రమ్మంటే వచ్చి సంతకం పెట్టింది)


నెల్లూరు
మే 2

ప్రియమైన అక్కకు ప్రభువు నామమున వందనములు.

నీ కాగితం అందింది. కడదాకా చదివాను. ఫ్లోరా కూడా చదివింది, నవ్వకూడని చోట్ల నవ్వింది.

బర్రె పోయినందుకు నాకూ బాధగానే ఉంది. కానీ నువ్వు పైన పాడకపోతే ఆ అగ్గిపెట్టె నా వాకిట్లో ఉండేది, కాబట్టి లోపల్లోపల కృతజ్ఞత కూడా ఉంది.

ఇక అసలు విషయం. నేను చేసిన ఉద్యోగం ఏమిటో నీకు తెలుసు. ఇన్సూరెన్సు వాళ్ళ తరఫున యాక్సిడెంటయిన బండ్లను చూసి నష్టం అంచనా వేయడం. లారీ కిందికి పోయిన చిన్న కారును నేను టేపు పెట్టి కొలిచాను అక్కా. కొలవడానికి అందులో ఏమీ మిగల్లేదు. ఇనుము ఎక్కువ ఉంటే దెబ్బ ఇనుము తింటుంది. తక్కువ ఉంటే మనిషి తింటాడు. ఆ బండికి ముందు మూతి కూడా లేదు, ఫేబీ మోకాళ్ళే దాని మూతి. నేను పెద్ద బండి కొన్నది దర్జాకని మీరంతా అనుకుంటారు. కాదు. నేను చూసినవి చూసి కొన్నాను.

పొగ లేదన్నావు. కరెంటు ఆకాశంలోంచి పడుతుందా? ఎక్కడో బొగ్గు కాలిస్తేనే నీ గ్రైండరు ప్లగ్గులోకి వస్తుంది. పొగ నీ కంటికి కనపడటం లేదు, అంతే.

వాదన ఎందుకు? నా బండినే ఫ్రెడ్డీకిచ్చి పంపుతాను. వారం రోజులు మీ దగ్గరే ఉంచుకోండి. వాడు తోలుతాడు, ఫేబీ పల్లెలన్నీ దాంట్లో తిరుగుతుంది. తిరిగాక ఏది క్షేమమో పిల్లనే చెప్పమను. నవంబరు ఒకటో తేదీకి ఆస్పత్రిలో చేరాలి. అంతవరకు ఆలోచించుకునే టైముంది.

సాక్షులు లేకుండానే,
నీ తమ్ముడు
పరంజ్యోతి


సరుగుడుపాలెం
జూన్ 20

తమ్ముడికి,

నా పేరు, వయసు ముందు కాగితంలో చెప్పినవే. బర్రెలూ అంతే, పెరగలా తగ్గలా.

నీ బండి వచ్చింది. నీ కొడుకూ వచ్చినాడు. వారం అన్నావు, ఒక పూట ఉండినారు. ఎందుకో ఫ్రెడ్డీ నీకు సగమే చెప్పి ఉంటాడు. తక్కిన సగం నేను చెబుతాను.

శుక్రవారం. గుడిలో ఉపవాస ప్రార్థన. జనమంతా లోపల. ఫ్రెడ్డీ ఏసీ వేసుకుని, నల్లద్దాలు పెట్టుకుని, గుడి గోడకూ పోలేరయ్య అరుగుకూ మధ్య సందులో బండి దూర్చినాడు. సగం దూరింది. మిగతా సగం "నేను రాను" అనింది. అద్దాలు రెండూ చెవులు ముడుచుకున్న కుక్క మాదిరి ముడిచినాడు. ఇంకొంచెం వచ్చింది. ఆ తర్వాత ముందుకు లేదు, వెనక్కి లేదు. తలుపు తీద్దామంటే ఒకవైపు గోడ, ఒకవైపు అరుగు.

"అత్తా! అత్తా!" అని లోపల్నించి అద్దం కొడతా ఉండాడు పాపం. అద్దం దించుకుని కిటికీలోంచి రాబోయినాడు. తల వచ్చింది, భుజాలు వచ్చినాయి, పొట్ట రాలా. ఫ్లోరాకు చెప్పు, నెయ్యి తగ్గించమని. చివరికి సీట్ల మీద పాకి పాకి వెనక డిక్కీలోంచి బయటపడినాడు. దూడ పుట్టినట్టే పుట్టినాడు.

పోలేరయ్య వచ్చి అరుగు మీద బోర్లా పడుకున్నాడు. "మా నాయన కట్టిన అరుగు. దీని మీద గునపం పడితే ముందు నా మీద పడాలి. కావాలంటే కారు కోసుకోండి" అనినాడు. నీ కారు కోసుకునే హక్కు మాకు లేదని నేనే చెప్పినాను, ఆ మాట గుర్తు పెట్టుకో.

ఈ గొడవలో ఎవరూ చూడలా, గుడి గేటుకు నీ బండి అడ్డం పడి ఉండాది. లోపల ఆకలి కడుపులతో ఆమేన్ అని లేచిన జనానికి బయటికి దారి లేదు. ఊరికే కూర్చోవడం ఎందుకని అయ్యగారు ఇంకో ప్రసంగం ఎత్తుకున్నాడు. అది అయిపోయినా దారి రాలా. మూడోది మొదలుపెట్టినాడు. నవోమి లోపలే ఉండింది, ఆమెనడుగు.

(నిజమే తమ్ముడుగారూ. మూడో ప్రసంగం సహనం గురించి. - నవోమి)

ఆఖరికి పట్టపుపాలెం నుంచి వలల వాళ్ళు వచ్చినారు. పడవను గట్టుకు లాగే మోకు తెచ్చి నీ బండి వెనక కట్టి, హైలెస్సా అంటా లాగినారు. వచ్చింది. రంగు మాత్రం గోడకు సగం, అరుగుకు సగం అంటుకుని ఉండిపోయింది. పోలేరయ్య అరుగు ఇప్పుడు వెండిలా మెరస్తా ఉంది, వాళ్ళ ఇంటావిడ సంతోషపడింది.

ఇప్పుడు చెప్పేది శ్రద్ధగా విను. ఈ రభస జరగతా ఉండగానే ఫేబీ చిన్న బండి గొడ్లసావిడి పక్క దోవన బయటపడి, రాతికంబాల మధ్య నుంచి కట్టెక్కి, ఏడు గుంటల అవతల బాలింతను చూసి వచ్చింది. బిడ్డ బాగుంది. తల్లికి రక్తం తక్కువ. అత్తగారు రొయ్యల వేపుడు పెట్టింది, ఉప్పు చాల్లేదు.

నీ బండి క్షేమం కాదని నేను అనలా. చాలా క్షేమం. యాడికీ కదలకపోతే ఎవరికైనా ఏమవుతుంది?

నువ్వు చిన్న బండిని నీ బండితో పోల్చి మాట్లాడతా ఉండావు. అదీ నీ తప్పు. ఫేబీకి నీ బండి ఎప్పుడూ లేదు, ఉండేది స్కూటీ. స్కూటీకి మూతి ఉందా? పైకప్పు ఉందా? బెల్టు ఉందా? చేతికి పిండికట్టు వేయించుకున్న బిడ్డను అడుగు, ఏది మేలో.

ఎలిశబెతు వేలిముద్ర
సాక్షులు: నవోమి, పోలేరయ్య (అరుగు తరఫున)


నెల్లూరు
ఆగస్టు 11

అక్కకు వందనములు.

రంగు వేయించాను. ఎంతయిందో చెప్పను, ఇంకో బర్రె అనుకో.

మీ సందులో నా బండి పట్టదని ఒప్పుకుంటున్నాను. స్కూటీతో పోల్చాలన్న మాట కూడా కొట్టిపారేయదగ్గది కాదు. రెండు రోజులు దాని మీద ఆలోచించాను. స్కూటీ కంటే మేలే. ఇంతవరకు నువ్వు గెలిచావు.

అయితే నాకు రెండు అనుమానాలు.

మొదటిది. రొయ్యల వేపుడులో ఉప్పు చాల్లేదని నీకెట్లా తెలుసు? ఆ పూట ఉపవాస ప్రార్థన కదా. నువ్వు గుడిలో లేవని నవోమినడుగు అన్న నీ మాటను బట్టే తెలుస్తోంది. అరుగు దగ్గర ఉన్నావని నువ్వంటున్నావు. మరి ఏడు గుంటల అవతల వేపుడు నాలిక మీద ఎవరు పెట్టుకున్నారు?

రెండోది. ఫ్లోరా చెల్లెలు కావలి నుంచి బస్సులో వస్తూ హైవే మీద ఆ చిన్న బండిని చూసిందట. ముందొక లారీ, వెనకొక లారీ. ముందు సీట్లో తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ ఒకామె కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, వెనక లారీ డ్రైవరుకు ఏదో గట్టిగా చెబుతోందట. లారీ వెనక్కి తగ్గిందట కూడా. ఆ పెద్దావిడ ఎవరో నేను అనను. కానీ హైవే మీదికి ఆ బండి పోయిందంటే నా భయం నిజమే. నేను టేపు పెట్టి కొలిచింది హైవే మీదే.

ఇటువంటివి దాచిపెడితే నీ మాట నేనెట్లా నమ్మాలి? సుశీల్ కుమారుకు ఫోన్ చేసి, నవంబరులో పిల్లను పంపమని చెప్పేశాను. సరే మామా అన్నాడు.

పరంజ్యోతి

వదినకు ఫ్లోరా రాసేది: ఈయన కవరు అంటించేలోపు ఈ ముక్క లోపల పెడుతున్నాను. మా వీధిలోకి ఆ పెద్ద కారు రాదు వదినా. కొన్నప్పటి నుంచీ రాలేదు. రెండు వీధుల అవతల ఒకరి ఖాళీ స్థలంలో పెట్టుకుంటారు. ఈయన రోజూ ఇంటి ముందు ఆటో ఎక్కి, కారు దగ్గర దిగి, కారెక్కి పోతారు. వచ్చేటప్పుడూ అంతే. ఆటోవాడు మా ఇంటి మనిషయిపోయాడు. నేను చెప్పినట్టు చెప్పొద్దు.


సరుగుడుపాలెం
సెప్టెంబరు 3

తమ్ముడికి, ఫ్లోరా చెప్పిందని చెప్పకుండా రాయించేది.

(నేను వద్దన్నాను. అట్లాగే రాయమంది. - నవోమి)

నీ కారు దగ్గరికి నువ్వు ఆటోలో పోతావంట గదా! ఇంక నేనేం మాట్లాడాలి? ఇంత కాలం నాకు ఇనుము గురించి పాఠం చెప్పినావే, నీ ఇనుము నీ గుమ్మం దాకా రాదు! ఆ ఆటోకు మూతి ఎంతుంది? తలుపు ఉందా? రోజూ రెండు పూటలా అందులో కూర్చునేటప్పుడు నీ టేపు యాడ పెడతావు?

బొగ్గు సంగతి అడిగినావు. దానికీ జవాబు తయారు చేసి పెట్టినాను. కరెంటు బొగ్గుతోనే రానీ. ఎంత బొగ్గు? మన ఫేబీ ఒంటి బరువు ఒక పిడికెడు. ఆ పిడికెడు పిల్లను మొయ్యడానికి చిన్న బండి చాలు. నువ్వు ఒక్కడివి సంతకు పోయి వంకాయలు తేవడానికి ఇల్లంత ఇనుమును కదిలిస్తావు. కరెంటుదయినా డీజిలుదయినా, మోసే బరువు తగ్గితే కాల్చేది తగ్గదా? గంపెడు గడ్డి మొయ్యడానికి మనం ఎప్పుడైనా లారీ మాట్లాడినామా?

ఇప్పుడు హైవే. పోయినాము. అబద్ధం చెప్పను. నా కళ్ళు చూపించుకోవడానికి కావలి పోయినాము. వచ్చేటప్పుడు ఐస్‌క్రీం తిన్నాము. లారీవాడు అంటుకుపోయేంత దగ్గరికి వస్తా ఉంటే, వాడి తల్లికి సంబంధించిన ఒక మాట చెప్పినాను.

(ఆ మాట చెప్పింది. నేను రాయలేదు. - నవోమి)

వాడు వెనక్కి తగ్గినాడు గానీ నా గుండె ఇంటికొచ్చినా తగ్గలా. ఆ లారీ చక్రం నా మొహానికి ఎదురుగా, అంత ఎత్తున తిరగతా ఉంది. అప్పుడు నువ్వు కొలిచిన బండి గుర్తొచ్చింది. హైవే మాట నీదే న్యాయం. ఇకమీద మన బండి హైవే ఎక్కదు. కావలికి బస్సులో పోతాము. ఇట్లా నేను తగ్గడం నీ ఆయుష్షులో మళ్ళీ చూడవు, తేదీ రాసి పెట్టుకో.

వేపుడు ఉప్పు గురించి నేను జవాబు చెప్పను.

సుశీల్ కుమారుతో మాట్లాడి తీర్పు చెప్పేసినావు. ఒక్క కోరిక. తీర్పు చెప్పేవాడు చోటు చూడాలి గదా? ఒక్క దినం రా. ఆ బండిలో ఫేబీతో పల్లెలు తిరుగు. కట్ట చూడు, కంబాలు చూడు. ఆ తర్వాత పంపమంటే పంపుతాను. నీకు కూర్చునే చోటు చాలదని సాకు చెప్పొద్దు. నాకు చాలింది.

ఎలిశబెతు వేలిముద్ర
సాక్షులు: నవోమి, రంగనాయకులు (కంబాలు ఆయనవే)


నెల్లూరు
అక్టోబరు 21

ప్రియమైన అక్కకు,

మొన్న వచ్చి వెళ్ళినప్పటి నుంచీ ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను. నువ్వు వాకిట్లో నిలబడి, "నా సీటులో జాగ్రత్తగా కూర్చో" అన్నావు చూడు, అప్పుడే నాకు సగం అర్థమయింది. మిగతా సగం పల్లెల్లో అర్థమయింది.

ముందు బండి సంగతి. మోకాళ్ళు గడ్డానికి తగులుతాయనుకున్నాను. తగల్లేదు. ఆ కట్ట మీద నా బండి పట్టదు, పట్టించినా కట్ట మిగలదు. వాన కురుస్తోంది, ఒకచోట జారింది, నేను "ప్రభువా" అన్నాను. ఫేబీ "ఏం లేదు తాతా" అని సరిచేసుకుంది. స్కూటీ అయితే ఇద్దరం గుంటలో ఉండేవాళ్ళం. నడక వేగంతో పోయే దారిలో ఆ బండి చాలు. ఆ దారికి సరిపోయే బండి అదొక్కటే. ఒప్పుకున్నాను.

ఇప్పుడు నీకు నచ్చనిది.

ఒక ఇంటి ముందు ఆగాం. చిన్న వయసు అమ్మాయి ఒకతె గబగబా బండి దగ్గరికి వచ్చింది. కిటికీలోంచి నన్ను చూసింది. "ఏం లేదు నర్సమ్మా, ఊరికే" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఫేబీ స్టీరింగు మీద తల పెట్టుకుంది. "చూశావా తాతా? ముందు సీట్లో ఇంకో మనిషి ఉంటే ఇంతే."

"నన్ను చూసి సిగ్గుపడింది. మగవాణ్ణి కదా" అన్నాను.

"అవ్వను చూసినా అంతే."

"అవ్వ రోజూ వస్తుందా?"

"రోజూనా? నేను తాళం తెచ్చేసరికి ఎక్కి, బెల్టు కూడా పెట్టుకుని కూర్చుని ఉంటుంది. మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుంటుంది. కాన్పుకు ఎవరినైనా ఆస్పత్రికి తీసుకుపోవాలంటే, అవ్వను రంగనాయకులు మోటారు షెడ్డు దగ్గర దించి, మళ్ళీ వచ్చి ఎక్కించుకోవాలి. వెనక సంచులకే చోటు."

"దిగమని చెప్పొచ్చు కదా."

"నువ్వు చెబుతావా?" అంది.

అక్కా, ఆ పిల్లకు తెలియాల్సిన సంగతులు ఆడవాళ్ళు నీ ముందు చెప్పడం లేదు. ఇంకో బిడ్డ వద్దనుకునే ఆమె ఉంది. మొగుడు కొట్టిన దెబ్బను జారిపడ్డానని చెప్పే ఆమె ఉంది. వాళ్ళ అత్తలందరికీ నువ్వు తెలుసు, ప్రతి శుక్రవారం ప్రార్థనలో పక్కపక్కనే కూర్చుంటారు. నువ్వు చెప్పవు, నాకు తెలుసు. వాళ్ళకు తెలియదు. పేర్లు నేను ఫేబీని అడగలేదు. నువ్వూ అడగొద్దు.

ఇంకొకటి. నెల్లూరులో చేరతానని ఆస్పత్రి వాళ్ళకు ఫోన్ చేసి చెప్పింది ఫేబీయే. నేను కాదు, వాళ్ళ నాయన కాదు. ఎందుకమ్మా అని అడిగితే, "అవ్వను బండి దిగమని చెప్పడం కంటే నెల్లూరు పోవడమే తేలిక తాతా" అంది. అని ఏడ్చింది. తర్వాత నవ్వింది. నేనూ నవ్వాను, తప్పే.

బిడ్డకు ఊరు వదలాలని లేదు. ఆ పల్లెలు వదలాలని లేదు. ఆస్పత్రికి తాను రాలేనని చెప్పడానికి ఇంకా పది రోజుల టైముంది. నువ్వు ముందు సీటు వదులుకుంటే సుశీల్ కుమారుతో నేను మాట్లాడతాను. నోటి మాట వద్దు. నీ పద్ధతిలోనే, కాగితం మీద, వేలిముద్ర వేసి, సాక్షులతో పంపించు.

నీ తమ్ముడు
పరంజ్యోతి


సరుగుడుపాలెం
అక్టోబరు 26

(నవోమి ముందుగా రాసుకునేది: తమ్ముడుగారి ఉత్తరం నేనే చదివి వినిపించాను. వినిపించాక పెద్దమ్మ బర్రె దగ్గరికి పోయి, దానికి అక్కర్లేకపోయినా స్నానం చేయించింది. మర్నాడు కూడా చేయించింది. ఈ పొద్దు పిలిచి రాయమంది.)

తమ్ముడు పరంజ్యోతికి.

నా పేరు ఎలిశబెతు. వయసు డెబ్బై ఆరు. నా ఇంట్లో నా మనవరాలు నా ముందు నోరు తెరవడానికి భయపడి ఊరే వదలాలనుకుందని నీ ఉత్తరంలో విన్నాను. నాకు చెప్పకుండా నీకు చెప్పినందుకు దాని మీద కోపం. నవ్వినందుకు నీ మీద కోపం. మూడో కోపం ఎవరి మీదో నవోమి ముందు చెప్పను.

నేను కాపలాకు పోయినానని చెప్పుకుంటా ఉండినాను. కుక్కలు అడ్డమొస్తాయి, పిల్ల హారన్ కొట్టదు, కట్ట మీద బర్రెలు ఉంటాయి అని. అవి ఉండే మాట నిజమే. కానీ నేను పోయింది వాటి కోసం కాదు. నేను పుట్టినప్పటి నుంచి ట్రాక్టరు వెనకే ఎక్కినాను, లగేజీ ఆటోలో చేపల గంపల మధ్య కూర్చున్నాను, బస్సులో నిలబడినాను. ముందు అద్దం ఎదురుగా కూర్చుంటే దారి మన మీదికి వస్తుంది పరంజ్యోతీ. నువ్వు ఎప్పుడూ ముందే కూర్చుంటావు గాబట్టి నీకు తెలియదు. సరుగుడు తోపు రెండుగా చీలి పక్కలకు పోతుంది. గుంటల మీద పొద్దు పడుతుంది. ఇంత దగ్గర్లో ఇన్ని ఊళ్ళు ఉండాయని నాకు తెలియదు. అదీ నేను దాచింది. ఐస్‌క్రీం మాదిరే.

బండి చిన్నది. అందులో నర్సు పడుతుంది, ఇంకో మనిషి పడుతుంది. ఆ ఇంకో మనిషి నేనయితే, కావాల్సిన మనిషి బయట నిలబడుతుంది. ఇది నాకే తట్టి ఉండాల్సింది. నేనే గదా ఊరంతా చెప్పుకు తిరిగింది, అక్కర్లేని బరువు మొయ్యకూడదని.

కాబట్టి రాయించి ఇస్తా ఉండాను. ఈ తేదీ నుంచి ఫేబీ పనికి పొయ్యేటప్పుడు నేను ఆ బండి ఎక్కను. వాన పడే దినాన కూడా ఎక్కను. మందుల పెట్టె సీటు మీద పెట్టి బెల్టు కట్టుకోమను.

~~పట్టపుపాలెం వరకు మాత్రం~~

(ఈ వాక్యం ఫేబీ చూసి కొట్టించింది. పెద్దమ్మ ఒప్పుకుంది. - నవోమి)

ఆదివారం సాయంత్రం మాత్రం బండి నాది, ఫేబీ నాకు డ్రైవరు, ఎటు పోవాలో నేను చెబుతాను. హైవే తప్ప. ఇది ఫేబీ తనంతట తాను ఇచ్చింది, నేను అడిగి పుచ్చుకుంది కాదు. నవోమి చూసింది.

ఇంక నువ్వు ఆస్పత్రికి ఫోన్ చెయ్యి. సిగ్నల్ ఉన్నప్పుడే చెయ్యి.

కడాకు ఒక మాట. పని దినాల్లో ఆ ముందు సీటులో ఎవరు కూర్చున్నారో ఫేబీ నాకు చెప్పకూడదు. ఇంటికొచ్చినాక నేను అడుగుతాను. నన్ను నేను ఎరుగుదును, రోజూ అడుగుతాను, అన్నం పెట్టి మరీ అడుగుతాను. అది చెప్పకూడదు.

ఇది నేను తెలివితో ఉండి, చెప్పి రాయించి, చదివించుకుని విన్నది.

ఎలిశబెతు వేలిముద్ర

సాక్షులు:
నవోమి, రాసిన మనిషి
రంగనాయకులు, మోటారు షెడ్డు దగ్గర ఇన్నాళ్ళూ ఈమెకు మంచినీళ్ళు ఇచ్చిన మనిషి
ఫేబీ, మనవరాలు